గైడ్ తీసేయమన్న ఆ మైనస్ ఒకటి

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయి తన పేరు వేయొద్దంది. చిత్తూరు దగ్గర ఒక పల్లె. నాన్నకు మూడెకరాల చెరకు, తోట పక్కనే బెల్లం గానుగ. తను తిరుపతిలో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఐదో సంవత్సరం నడుస్తోంది, ఇంకో నాలుగు నెలల్లో ఫెలోషిప్ ఆగిపోతుంది. టాపిక్ ఏమిటంటే, తిరిగే బ్లాక్ హోల్స్ ఉష్ణగతిక శాస్త్రం లెక్కన నిలకడగా ఉంటాయా లేదా, టోపాలజీ (సాగదీసినా వంచినా మారని లక్షణాలను చూసే గణితం) పరంగా వాటిని ఏ తరగతిలో పెట్టాలి అని. నాలుగు చాప్టర్లు అయిపోయాయి. ప్రతి చాప్టర్‌లోనూ ఒక కొత్త బ్లాక్ హోల్, అదే పద్ధతి, చివర్లో ఒక అంకె: సున్నా, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, వీటిలో ఏదో ఒకటి. "ఫారం నింపుతున్నట్టు ఉంది సార్" అని రాసింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఊరికే ఒక మార్పు చేసి చూసిందట. ఎప్పుడూ కోణీయ ద్రవ్యవేగాన్ని (బ్లాక్ హోల్‌లో ఉన్న మొత్తం తిరుగుడు ఊపు) మారకుండా ఉంచి లెక్క వేసేది, ఈసారి దాని బదులు కోణీయ వేగాన్ని (అది ఎంత జోరుగా తిరుగుతోందన్నది) మారకుండా ఉంచింది. కెర్ బ్లాక్ హోల్‌కి, అంటే విద్యుదావేశం లేకుండా తిరిగేదానికి, ఎప్పుడూ వచ్చే సున్నా కాస్తా మైనస్ ఒకటి అయింది. మూడుసార్లు మొదటి నుంచి వేసింది, పదకొండు పేజీలు, మారలేదు. గైడ్‌కి చూపిస్తే, "ఇది పెడితే ముందు నాలుగు చాప్టర్ల మీదా ప్రశ్నలొస్తాయి, తీసేయ్, డిగ్రీ చేతికొచ్చాక చూసుకో" అన్నారు. ఇంట్లో అన్న ఒక ఇంటర్ కాలేజీలో లెక్చరర్ పోస్టు చూసి పెట్టాడు, జూన్‌లో చేరమంటున్నాడు. ఒక సంబంధం కూడా వచ్చింది, వైశాఖంలో ముహూర్తం పెట్టుకుందామని వాళ్లు తొందరపెడుతున్నారు.

వీటన్నిటికన్నా ఆ అమ్మాయిని బాధపెట్టింది వేరే ఉంది. ఒక రాత్రి బెల్లం పెనం దగ్గర నాన్న అడిగాడట: "ఐదేండ్లుగా చదువుతా ఉండావు గదా మే, ఆ తిరిగేది ఇంతకీ నిలకడగా ఉండేదేనా, కాదా?" ఏం చెప్పాలో తెలీక, పొగ కళ్లలో పడినట్టు పక్కకు తిరిగిందట.

అమ్మా, వయసులో నా కూతురంత ఉంటావు, నువ్వు అనే రాస్తున్నాను. ముందు లెక్క సంగతి తేల్చేద్దాం, నీ భయమంతా అక్కడే మొదలైంది కాబట్టి. నీ లెక్క తప్పు కాదు. రెండు రాత్రులు కూర్చుని నేనూ వేశాను, నాకూ మైనస్ ఒకటే వచ్చింది. పాత సున్నా కూడా తప్పు కాదు. రెండూ నిజమే, అవి రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. నీకు దొరికినదాని విలువంతా అందులోనే ఉంది.

ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టు. నాన్నకు చెప్పాల్సిన జవాబు కూడా దారిలోనే దొరుకుతుంది.

బ్లాక్ హోల్‌కి ఎంట్రోపీ (లోపల దాగిన అస్తవ్యస్తతకు కొలత) ఉంటుందనీ, అది దాని ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుందనీ 1973 నాటికి బెకెన్‌స్టైన్ అన్నాడు. దానికి ఉష్ణోగ్రత కూడా ఉంటుందని 1974లో హాకింగ్ చూపించాడు. సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ ఉష్ణోగ్రత ఎంతంటే, ఒక కెల్విన్‌ని పది కోట్ల వంతులు చేస్తే అందులో ఆరు వంతులు. బరువు పెరిగేకొద్దీ ఇంకా చల్లబడుతుంది. తిరగని బ్లాక్ హోల్‌లో ఉన్న వింత ఇదే: దానిలోకి శక్తి పోస్తే చల్లబడుతుంది, దాని నుంచి శక్తి పోతే వేడెక్కుతుంది. ఉష్ణ సామర్థ్యం రుణాత్మకం అంటే ఇంతే.

మీ పెనం దగ్గరికే వద్దాం. చెరకు రసం కాగుతోంది, కింద పిప్పి మండుతోంది, మడ్డి తేలుతోంది. మంట తగ్గిస్తే పెనం చల్లబడుతుంది. ఈ ఒక్క నమ్మకం మీదే కదా మీ నాన్న పాకాన్ని నీళ్లలో వేసి, ఉండ కడుతోందా లేదా చూసి, సరైన సమయానికి మంట లాగేస్తాడు! ఇప్పుడు వేడి పోయేకొద్దీ ఇంకా కాగిపోయే పెనం ఒకటి ఉందనుకో. చుట్టూ ఉన్న గాలికన్నా అది పిసరంత వేడిగా ఉంటే చాలు, వేడి బయటికి పోతుంది, పోయేకొద్దీ కాగుతుంది, కాగేకొద్దీ ఇంకా వేడి పోతుంది. మంట లాగేసినా ఆగదు. దాన్నే ఉష్ణగతికంగా నిలకడ లేనిది అంటాం. పగిలిపోతుందని కాదు, పరిసరాలతో సర్దుకోలేదని.

తిరిగే బ్లాక్ హోల్‌కి సమీకరణాల పరిష్కారం 1963లో కెర్ ఇచ్చాడు. 1977లో డేవిస్ దాని ఉష్ణ సామర్థ్యాన్ని లెక్కించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు. కోణీయ ద్రవ్యవేగాన్ని మారకుండా ఉంచితే, భ్రమణం తక్కువగా ఉన్నప్పుడు అది ఆ వింత పెనం లాగే ఉంటుంది. భ్రమణం గరిష్ఠ పరిమితిలో సుమారు 0.68 వంతు దాటిందా, ఉష్ణ సామర్థ్యం గుర్తు మారిపోతుంది, మన ఇంటి పెనం లాగా బుద్ధిగా ప్రవర్తిస్తుంది. వర్గమూలంలో (2 రూట్ 3 మైనస్ 3), అదే ఆ 0.68. నీకు ఇది కంఠతా వచ్చు, నాకు తెలుసు. కానీ నీ ఉత్తరంలో ఈ సంగతి ఒక్క మాట కూడా లేదు, నేరుగా టోపాలజీలోకి వెళ్లిపోయావు. ఫారం నింపుతున్నట్టు అనిపించడానికి నాకు తోచిన కారణం అదే.

ఇక టోపాలజీ. 2022లో వై, లియు, మాన్ అనే ముగ్గురు పెట్టిన ఆలోచన ఇది. బయట ఒక ఉష్ణోగ్రత ఉంది. ఏ సైజు బ్లాక్ హోల్‌నైనా, అది ఆ ఉష్ణోగ్రతతో సరిపడినా సరిపడకపోయినా, ముందు లెక్కలోకి తీసుకుని, దాని శక్తిలోంచి ఎంట్రోపీ రెట్లు బయటి ఉష్ణోగ్రత తీసేసి, వచ్చినదాన్ని ఒక ఎత్తు అనుకుంటాం. అప్పుడు మనకు ఒక భూమి తయారవుతుంది. ఎక్కడ వాలు సున్నా అవుతుందో అక్కడ అసలైన బ్లాక్ హోల్ ఉంటుంది. ఆ చోటు లోయ అయితే నిలకడ ఉంది. కనుమ అయితే లేదు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్తూ మొగిలి కనుమ ఎన్నిసార్లు ఎక్కి ఉంటావు! కనుమ మీద నిలబడితే కుడి ఎడమలకు కొండలు పైకి లేస్తాయి, ముందూ వెనకా దారి కిందికి పోతుంది. బ్రేకు వదిలితే లారీ అటో ఇటో జారాల్సిందే. వాళ్లు కలిపిన రెండో దిక్కు, ఆ కోణం, చేసే పని అదే: ఒకే దిక్కులో చూస్తే శిఖరంలా కనిపించేదాన్ని కనుమగా మారుస్తుంది, లోయను లోయగానే ఉంచుతుంది.

అంకె ఎలా వస్తుందంటే, ఆ చోటు చుట్టూ ప్రదక్షిణ చేయాలి. ఒక్కో అడుగు దగ్గర ఆగి, పైకి వెళ్లే దారి ఎటుందో చూపించే బాణాన్ని గమనించాలి. లోయ చుట్టూ తిరిగితే బాణం ఎప్పుడూ బయటికే చూస్తుంది, నీతోపాటు నువ్వు తిరిగే వైపుకే ఒక చుట్టు తిరుగుతుంది, అది ప్లస్ ఒకటి. కనుమ చుట్టూ తిరిగితే నువ్వు ఒక వైపు, బాణం దానికి ఎదురు వైపు, అది మైనస్ ఒకటి. అన్నిటినీ కూడితే వచ్చేది టోపలాజికల్ సంఖ్య. భూమిని కాస్త ఎత్తు చేసినా పల్లం చేసినా ఆ మొత్తం మారదు, ఎందుకంటే లోయా కనుమా పుడితే జంటగా పుడతాయి, పోతే జంటగా పోతాయి. తిరగని బ్లాక్ హోల్‌కి మైనస్ ఒకటి. కోణీయ ద్రవ్యవేగం మారని కెర్‌కి, ఉష్ణోగ్రత మరీ ఎక్కువ కానంత వరకు, చిన్నది జోరుగా తిరిగేది ఒకటి (లోయ), పెద్దది నిదానంగా తిరిగేది ఒకటి (కనుమ), మొత్తం సున్నా. ఆ రెండూ కలిసి మాయమయ్యే చోటు ఏదో కాదు, డేవిస్ చెప్పిన ఆ 0.68 దగ్గరే.

మరి నీ మైనస్ ఒకటి ఎక్కడిది? నీ పదకొండు పేజీల్లో లెక్క అంతా ఉంది గానీ ఈ మాట లేదు, అందుకే విడమరిచి రాస్తున్నాను. కోణీయ ద్రవ్యవేగాన్ని పట్టి ఉంచి బ్లాక్ హోల్‌ని కుదిస్తే అది గరిష్ఠ భ్రమణం వైపు పరుగెడుతుంది, అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు పడిపోతుంది. అంటే సైజు చిన్నదైన కొస చల్లన. కోణీయ వేగాన్ని పట్టి ఉంచి కుదిస్తే కథ తిరగబడుతుంది: కుదిస్తున్నకొద్దీ దాని కోణీయ ద్రవ్యవేగం ఇంకా త్వరగా కరిగిపోతుంది, చివరికి తిరగనిదానిలాగే మిగులుతుంది, తిరగని చిన్న బ్లాక్ హోల్ అంటే విపరీతమైన వేడి. చిన్న కొస వేడి. గరిష్ఠ భ్రమణం, దాని చల్లదనం, పెద్ద కొసకు వెళ్లిపోయాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది, ఎక్కడా మలుపు లేదు, కాబట్టి ఏ ఉష్ణోగ్రతకైనా ఒక్కటే బ్లాక్ హోల్, అదీ కనుమ మీద. నువ్వు భూమిని ఎత్తుపల్లాలు చేయలేదమ్మా, దాని సరిహద్దునే మార్చావు. సరిహద్దు మారితే సంఖ్య మారడం టోపాలజీకి విరుద్ధం కాదు, టోపాలజీ చెప్పేదే అది.

ధైర్యం కోసం ఒక చిన్న పరీక్ష చేసుకో. విద్యుదావేశం ఉన్న, తిరగని రైస్నర్-నార్డ్‌స్ట్రామ్ బ్లాక్ హోల్ తీసుకో. ఆవేశాన్ని మారకుండా ఉంచితే సున్నా. ఆవేశం బదులు పొటెన్షియల్‌ని ఒకటి కన్నా తక్కువ దగ్గర మారకుండా ఉంచితే, ఉష్ణోగ్రత సూత్రం ఒక్క లైనుకు కుదురుకుంటుంది, వ్యాసార్థానికి విలోమంగా పోతుంది, మైనస్ ఒకటి. అరపేజీ పని. అదే జబ్బు, అదే మందు. ఆ తర్వాత యాంటీ డి సిట్టర్‌లో (వేడిని బయటికి పోనీకుండా తిప్పి పంపే, పెట్టె లాంటి ఊహా విశ్వం) ఉన్న కెర్ చూడు: కోణీయ ద్రవ్యవేగం స్థిరంగా ఉంటే ప్లస్ ఒకటి అని నీ మూడో చాప్టర్‌లోనే ఉంది. కోణీయ వేగాన్ని పరిమితి లోపల స్థిరంగా ఉంచితే రెండు కొసలూ వేడి, మొత్తం సున్నా. గమనించావా, సున్నా మైనస్ ఒకటైంది, ప్లస్ ఒకటి సున్నా అయింది. రెండుచోట్లా సరిగ్గా ఒకటే తగ్గింది, ఎందుకంటే రెండుచోట్లా తిరగబడింది చిన్న కొస ఒక్కటే. ఇది నాకు చాలా నచ్చింది. నీ ఉత్తరం చదివాక రాత్రి పదకొండింటికి కాగితం మీద ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను, నిద్ర రాలేదు.

ఫారం నింపుతున్నట్టు ఉందన్నావు కదా, దాని మీద నా మాట సూటిగా చెప్తాను. నువ్వు చేసిన నాలుగు చాప్టర్లలో బాణాల బొమ్మలు ఎక్కువ, కారణం తక్కువ. ఈ సంఖ్య తేలడానికి అన్ని బొమ్మలు అక్కర్లేదు, రెండు కొసల్లో ఉష్ణోగ్రత ఏం చేస్తుందో చూస్తే చాలు. అదే ముగ్గురూ 2024లో ఈ కొసల ఆధారంగానే మొత్తాన్ని నాలుగు తరగతులుగా పెట్టారు కూడా. ఐదు కొలతల్లో (డైమెన్షన్లలో) ఒకే అక్షం మీద తిరిగేదానికి సున్నా, ఆరు అంతకన్నా ఎక్కువ కొలతల్లో మైనస్ ఒకటి అని నువ్వు పట్టికలో రాశావు గానీ ఎందుకో రాయలేదు. ఆరు నుంచి భ్రమణానికి పై పరిమితే లేదు, గరిష్ఠ భ్రమణపు చల్లని కొస అన్నదే లేదు, అందుకని. ఇలాంటి ఒక వాక్యం ప్రతి చాప్టర్ చివరా ఉంటే అది ఫారం కాదు. ఆ వాక్యాలు నీకు నేర్పింది గైడ్ తీసేయమన్న ఆ పదకొండు పేజీలే.

"వీటికి ఆకాశంలో ఉన్న బ్లాక్ హోల్స్‌తో ఏమైనా సంబంధం ఉందా" అని కూడా అడిగావు. ఉన్నదీ చెప్తాను, లేనిదీ చెప్తాను. చుట్టూ ఉన్న విశ్వమే 2.7 కెల్విన్ ఉంది, నక్షత్రాల నుంచి పుట్టిన బ్లాక్ హోల్స్ దానికన్నా కోట్ల రెట్లు చల్లన, కాబట్టి వాటి ఉష్ణోగ్రతని ఎవరూ కొలవలేదు. కానీ వైశాల్యం తగ్గదన్న నియమం ఉంది కదా, హాకింగ్ 1971లో చెప్పింది, ఎంట్రోపీ కథంతా దాని మీద నిలబడింది, దాన్ని గురుత్వ తరంగాలతో పరీక్షించారు. 2025 జనవరి 14న అందిన సంకేతంలో, ఒకటిగా కలవక ముందు రెండు బ్లాక్ హోల్స్ వైశాల్యం కలిపి సుమారు రెండు లక్షల నలభై వేల చదరపు కిలోమీటర్లు, కలిశాక సుమారు నాలుగు లక్షలు. 2015 సెప్టెంబర్‌లో దొరికిన మొదటి సంకేతంలో మిగిలిన బ్లాక్ హోల్ భ్రమణం 0.67 దరిదాపుల్లో ఉంది. డేవిస్ బిందువుకి అంత దగ్గర! అది కాకతాళీయమే, దాని మీద ఏమీ కట్టకు, థీసిస్‌లో రాయకు. అయినా తెలిసి ఉండటం బాగుంటుంది.

ఇప్పుడు అసలు గొడవ. చాప్టర్ తీసేస్తే మోసమా?

తీసేయడం వేరు, దాచడం వేరు. "ఈ థీసిస్‌లో అన్నిచోట్లా కోణీయ ద్రవ్యవేగాన్ని స్థిరంగా తీసుకున్నాం, వేరేదాన్ని స్థిరంగా తీసుకుంటే సంఖ్య మారవచ్చు" అని ముందుమాటలో ఒక్క వాక్యం రాసి ఆ పదకొండు పేజీలు పక్కన పెడితే నువ్వు ఎవరినీ మోసం చేసినట్టు కాదు. అది ఒక నిజమైన దారి. దాని ఫలితం ఏమిటంటే జూన్‌లోపు సబ్మిట్ అవుతుంది, ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది, నీ బెస్ట్ పని మాత్రం డ్రాయర్‌లో ఉంటుంది, ఇంకెవరైనా ఈలోపు రాసేసే ప్రమాదం ఉంటుంది, ఈ రంగంలో నెలకో పేపర్ వస్తోంది. ఆ వాక్యం కూడా లేకుండా "కెర్ సంఖ్య సున్నా, అంతే" అని రాసి సబ్మిట్ చేస్తే మాత్రం నీకు తెలిసి రాసిన అసంపూర్ణం అవుతుంది. వైవాలో బయటి ఎగ్జామినర్ "ఏది స్థిరంగా తీసుకున్నావు" అని అడగడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఉష్ణగతికం చదువుకున్న ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. చాలా ఏళ్ల కిందట నా వైవాలో, నేను కావాలని వదిలేసిన ఒక కేసు గురించి సూటిగా అడిగారు. జవాబు నాకు తెలుసు. చెప్తే ఎందుకు వదిలేశావంటారని నోరు రాలేదు. ఫ్యాన్ తిరిగే చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. డిగ్రీ ఇచ్చారు, సంతోషం మాత్రం రాలేదు.

రెండో దారి, ఆ పదకొండు పేజీలను ఐదో చాప్టర్‌గా కాకుండా నాలుగో చాప్టర్ చివర ఒక పది పన్నెండు పేజీల భాగంగా పెట్టడం: రైస్నర్-నార్డ్‌స్ట్రామ్, కెర్, యాంటీ డి సిట్టర్ కెర్, మూడే కేసులు, ఒక పట్టిక, కొసల గురించి ఒక పేరా. లెక్క అయిపోయింది కాబట్టి రాయడానికి నెల, నెలన్నర. ముందు నాలుగు చాప్టర్లలో ఒక్క సమీకరణం కూడా మార్చక్కర్లేదు, ప్రతి ఫలితం పక్కన "కోణీయ ద్రవ్యవేగం స్థిరం" అన్న రెండు మూడు మాటలు చేర్చాలి, అంతే. రిస్క్ ఏమిటంటే గైడ్ ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఈ నాలుగు నెలలూ ఆయనతో చిన్నబుచ్చుకుని గడపాలి.

ఆయన్ని విలన్‌గా చూడకు. నీ చాప్టర్ల నుంచి వచ్చిన మూడు పేపర్ల మీద ఆయన పేరు కూడా ఉంది, "స్థిరం" అన్న మాట వాటిలో లేదు, ఆయన టెన్షన్ అక్కడ ఉండొచ్చు. "పెట్టనా సార్" అని అడిగితే వద్దంటారు. పట్టిక ఒక్క కాగితం మీద రాసుకెళ్లి, "బయటి ఎగ్జామినర్ ఇది అడిగితే ఏం చెప్పాలి సార్" అని అడుగు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆయనే ఆ కాగితం తన వైపుకు లాక్కుంటారేమో చూడు. పాత ఫలితాలు తప్పు కావనీ, వాటికి హద్దు ఎక్కడో తెలిసిందనీ ఆయనకు అర్థమైతే సగం భయం పోతుంది. కాకపోతే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్ ఎలాగూ ఇవ్వాలి, అక్కడ ఒక స్లయిడ్‌గా చూపించొచ్చు. అది ఆయనకు ముందే చెప్పి చేయాలి సుమా, చాటుగా వద్దు.

నువ్వు కచ్చితంగా సిద్ధం కావాల్సిన ఎదురుప్రశ్న ఒకటుంది. కోణీయ వేగం స్థిరం అంటే బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న వేడి అంతా దానితో కలిసి అదే వేగంతో తిరగాలి. ఖాళీ ఆకాశంలో కొంత దూరం పోయాక ఆ వేడి కాంతికన్నా వేగంగా తిరగాల్సి వస్తుంది, అది జరిగే పని కాదు. కాబట్టి కెర్ విషయంలో నీ మైనస్ ఒకటి గణితంగా సరైనదే గానీ, భౌతికంగా చెప్పాలంటే చుట్టూ ఒక గోడ కట్టి, 1986లో యార్క్ చేసినట్టు, లోపల చూడాలి. యాంటీ డి సిట్టర్‌లో ఈ ఇబ్బంది ఒక పరిమితి లోపల రాదు, 1999లో హాకింగ్, హంటర్, టేలర్-రాబిన్సన్ దాన్ని వివరంగా చూశారు. అందుకే ఆ మూడో కేసు నీ భాగానికి వెన్నెముక, దాన్ని వదలకు.

మూడో దారి, గడువు పెంచుకోవడం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మామూలుగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, ఆడపిల్లలకు దానిపైన మరో రెండు. అంటే చదువు గడువు నీ మెడ మీద లేదు, ఫెలోషిప్ గడువు మాత్రమే ఉంది. ఈ రెండిటినీ నువ్వు ఉత్తరంలో కలిపేశావు. గడువు పెంచుకుంటే నెలకు 42,000 ఆగిపోతుంది, తిరుపతిలో రూము అద్దె మాత్రం ఆగదు. బెల్లం ధర మీద బతికే ఇంటిని ఇంకో ఏడాది అడగగలవా అన్నది నీకే తెలియాలి. ఒకటి రెండు నెలల తేడాకైతే ఇది పెద్ద సమస్య కాదు, ఏడాది అయితే బాగా ఆలోచించాలి.

నాలుగోది అన్న చెప్పిన ఉద్యోగం. ఇంటర్ కాలేజీల్లో నా శిష్యులు చాలామంది ఉన్నారు. పొద్దున్నే స్టడీ అవర్ నుంచి రాత్రి దాకా, మధ్యలో పేపర్లు దిద్దడం, ఆదివారం కూడా టెస్టు. జీతం నిజం, ఇంటికి ఊరట నిజం. సగం రాసిన థీసిస్ ఆ ఉద్యోగంలో పూర్తి చేసినవాళ్లను నేను ఒకరిద్దరినే చూశాను. సబ్మిట్ చేసి చేరితే అది వేరే సంగతి, వైవా కోసం ఎదురుచూసే నెలలకు అది మంచి పని కూడా. కాబట్టి అన్నతో "వద్దు" అనకు, "సబ్మిట్ చేసిన మర్నాడు చేరతా" అను, వాళ్లు ఆగుతారా లేదా కనుక్కోమను. ఆగకపోతే ఇంకో కాలేజీ ఉంటుంది, ఫిజిక్స్ చెప్పేవాళ్లకు ఈ జిల్లాలో కరువుంది.

పెళ్లి గురించి నేను పెద్దగా చెప్పను. నువ్వు ఆ అబ్బాయి గురించి ఒక్క చెడ్డ మాటా రాయలేదు, ఒక్క మంచి మాటా రాయలేదు. వైశాఖం కాకపోతే శ్రావణం ఉంది, ఆ మూడు నెలలు ఆగడానికి వాళ్లు ఏమంటారో చూస్తే ఆ ఇంటి గురించి నీకు చాలా తెలుస్తుంది.

నా మనసు రెండో దారి వైపు ఉందని నీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ఇంట్లో అప్పు ఎంతుందో, గైడ్ కోపం ఎలాంటిదో నాకు తెలీదు. మొదటి దారిలో ఆ ఒక్క వాక్యం రాసి వెళ్లినా నేను నిన్ను తప్పుపట్టను.

నాన్న దగ్గరికి వద్దాం. నిలకడ అన్న మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, నీకు నోరు రాకపోవడానికి అదే కారణం అనుకుంటా. కొడితే పగులుతుందా అన్నది ఒకటి. మన పక్కనే బెంగళూరుకు చెందిన విశ్వేశ్వర 1970లో లెక్కలు వేసి, తిరగని బ్లాక్ హోల్‌ని కదిలిస్తే అది గంటలా మోగి, నెమ్మదించి, మళ్లీ సర్దుకుంటుందని చూపించాడు. తిరిగేదానికి ఆ రుజువు ఇంకా కష్టం, 1989లో వైటింగ్ అందులో ఒక పెద్ద మెట్టు ఎక్కాడు. వేడితో ఎలా ఉంటుందన్నది రెండోది, నీ థీసిస్ దాని గురించి. మళ్లీ గానుగ ఆడే రాత్రి పెనం దగ్గర కూర్చుని ఇలా చెప్పు: "నాయనా, అది పగిలే రకం కాదు, కొడితే గంట మాదిరి మోగి సర్దుకుంటాది. వేడి లెక్కన చూస్తే మాత్రం, నిదానంగా తిరిగేది వేడి పోయేకొద్దీ ఇంకా కాగిపోతాది, జోరుగా తిరిగేది మన పెనం మాదిరే ఆరిపోతాది. అయితే దాన్ని ఎట్ల పట్టుకుని తిప్పుతా ఉండామనే దాన్ని బట్టి ఈ మాట కూడా మారిపోతాదని నేను కనుక్కున్నా." ఆయన ఇంకో ప్రశ్న అడుగుతాడు చూడు. అది నాకు రాసి పంపు.

ఇంకొకటి, మర్చిపోయేలోపు. యాంటీ డి సిట్టర్ కెర్‌లో నువ్వు శక్తిగా ఏది తీసుకున్నావో ఒకసారి చూసుకో. ఉష్ణగతిక మొదటి నియమం కుదరాలంటే ద్రవ్యరాశి పరామితిని క్సై (భ్రమణాన్ని బట్టి వచ్చే గుణకం) వర్గంతో భాగించాలి, ఒట్టి క్సైతో కాదు. కోణీయ వేగాన్ని కూడా దూరాన తిరగకుండా ఉన్న చట్రం నుంచే కొలవాలి. గిబ్బన్స్, పెర్రీ, పోప్ 2005లో దీన్ని తేల్చి రాశారు, చాలామంది అప్పటిదాకా తప్పుగా వాడుతూ వచ్చారు. నీ ఉత్తరంతో పంపిన ఏడో పేజీ ఫొటోలో ఆ వర్గం గుర్తు సరిగ్గా కనిపించలేదు, మడత పడింది. అది సరిచూశాకే పట్టిక తీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లు.